సొంత సర్క్యూట్ బోర్డుతో చేతిలో పట్టే గేమ్ కన్సోల్: నల్లగొండ, పాలమూరు వాళ్ల కోసం తయారీ గైడ్

చెర్వుగట్టు జాతరలోనో కురుమూర్తి జాతరలోనో ఒకప్పుడు ఇటుకలు పేర్చే బ్రిక్ గేమ్ కొనిపించుకున్నవాళ్లకు ఆ సుఖం తెలుసు. అంతకంటే మంచిదాన్ని, రంగుల స్క్రీన్‌తో, ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. చిప్‌ను మనం తయారు చేయం. చిప్, స్క్రీన్, బటన్లు కొంటాం. వాటన్నిటినీ కలిపే సర్క్యూట్ బోర్డును మాత్రం మన కొలతలతో మనమే గీసి, ఫ్యాక్టరీలో చేయించి, ఇంట్లో సోల్డర్ చేసుకుంటాం.

ఇలాంటి గైడ్లు రాసేవాళ్లు సాధారణంగా పెద్ద నగరంలో ఉంటారు. వాళ్లకు ఒక డయోడ్ తక్కువైతే సాయంత్రం వెళ్లి తెచ్చుకుంటారు. నల్లగొండలోనో, మహబూబ్‌నగర్‌లోనో, వనపర్తిలోనో ఉన్నవాళ్లకు అదే డయోడ్ కోసం ఒక రోజంతా పోతుంది. బోర్డు తప్పు గీసి పంపితే కొత్తది వచ్చేదాకా వారాలు ఆగాలి. అందుకే ఇందులో సోల్డరింగ్ గురించి తక్కువ, బోర్డును ఫ్యాక్టరీకి పంపేముందు చేయాల్సిన పని గురించి ఎక్కువ ఉంటుంది. డబ్బు మిగిలేది అక్కడే.

ముందు సామాను, తర్వాతే డ్రాయింగ్

మెదడుగా రాస్‌ప్‌బెర్రీ పై పికో తీసుకోండి. 2021లో వచ్చిన చిన్న బోర్డు ఇది. 21 × 51 మి.మీ. సైజు, 40 పిన్లు, 264 కేబీ ర్యామ్, 2 ఎంబీ ఫ్లాష్ ఉంటాయి. 1989లో వచ్చిన గేమ్ బాయ్‌లో మెయిన్ ర్యామ్ 8 కేబీయే అని గుర్తు చేసుకుంటే ఇది ఎంత ఎక్కువో అర్థమవుతుంది. 2024లో వచ్చిన పికో 2 దొరికినా పరవాలేదు, పిన్ల వరుస అదే కాబట్టి ఒకే బోర్డు మీద రెండూ కూర్చుంటాయి. ఆర్డ్యూనో ప్రో మైక్రోతో చేసేవాళ్లూ ఉన్నారు. అందులో ర్యామ్ 2.5 కేబీ మాత్రమే. నలుపు తెలుపు చిన్న స్క్రీన్‌కు సరిపోతుంది, రంగుల స్క్రీన్‌కు చాలదు.

స్క్రీన్‌గా ఎస్‌టీ 7789 చిప్ ఉన్న 1.54 అంగుళాల రంగుల డిస్‌ప్లే, 240 × 240 చుక్కలది, ఎనిమిది పిన్లది తీసుకోండి. ఇదే చిప్‌తో 1.3 అంగుళాల ఏడు పిన్ల రకం కూడా అమ్ముతారు. అందులో సీఎస్ అనే పిన్ బయటికి ఉండదు, ప్రోగ్రాంలో ఎస్‌పీఐ (పికో నుంచి స్క్రీన్‌కు డేటా పంపే పద్ధతి) మోడ్ మార్చితే గానీ పలకదు. మొదటిసారి చేసేవాళ్లకు ఆ తలనొప్పి ఎందుకు?

ఇవి కాక ఆరు బటన్లు కావాలి: నాలుగు దిక్కులకు నాలుగు, ఆటకు రెండు. 6 × 6 మి.మీ. ట్యాక్ట్ స్విచ్‌లు చాలు, టోపీలు పట్టే పొడవు కాడ ఉన్నవి అడగండి. పాసివ్ బజర్ ఒకటి, 100 ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి, జరిపే స్విచ్ ఒకటి, 1ఎన్5819 డయోడ్ ఒకటి, టీపీ 4056 చార్జింగ్ మాడ్యూల్ ఒకటి, బ్యాటరీ, దాని హోల్డర్. బజర్ యాక్టివ్‌దో పాసివ్‌దో షాపులోనే తేల్చుకోవచ్చు. రెండు పెన్సిల్ సెల్లులు వరుసగా కలిపి తాకించండి. ఆగకుండా కూస్తే యాక్టివ్, టిక్‌మని ఊరుకుంటే పాసివ్. మనకు కావాల్సింది టిక్‌మనేదే, ఎందుకంటే దానితోనే రకరకాల స్వరాలు పలికించొచ్చు.

ఇవన్నీ హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు. ఎంజీబీఎస్‌లో దిగితే అక్కడి నుంచి కోఠీ దగ్గరే. ఆడపిల్లలైతే ఆధార్ చూపించి ఎక్స్‌ప్రెస్ బస్సులో జీరో టికెట్ మీద వెళ్లి రావచ్చు. ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా సరే. ఎలా కొన్నా బటన్లు పన్నెండు, డయోడ్లు ఐదు, రెసిస్టర్లు పది కొనండి. పైసల్లో పోయే వస్తువు ఒక్కటి తక్కువై పని ఆగిపోతే వచ్చే చిరాకు అంతా ఇంతా కాదు.

పనిముట్లలో మల్టీమీటర్, బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా కాళ్లు, వైర్లు గుచ్చి కలిపే రంధ్రాల పలక) తప్పనిసరి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సన్నని సోల్డర్ వైరు, పేస్టు, తప్పు సోల్డరింగ్ పీల్చే రాగి జాలీ ఉండాలి. వెర్నియర్ కాలిపర్ ఉంటే ఎంతో మేలు. చవక ప్లాస్టిక్‌దైనా చాలు.

బోర్డుతో కలిపి మొత్తం ఖర్చు ఇంచుమించు రెండు వేలు అనుకోండి. పనిముట్లు అదనం.

బ్రెడ్‌బోర్డు మీద ఆడించాకే కంప్యూటర్ ముందు కూర్చోండి

పికో మీద బూట్‌సెల్ అనే చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని యూఎస్‌బీ కేబుల్ కంప్యూటర్‌కు పెడితే పెన్‌డ్రైవ్ లాగా కనిపిస్తుంది. మైక్రోపైథాన్ (మనం ప్రోగ్రాం రాసే భాష) ఫైల్‌ను అందులో వేస్తే చాలు, పికో సిద్ధం. డ్రైవ్ కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. చార్జింగ్‌కే పనికొచ్చి డేటా పంపని కేబుళ్లు ప్రతి ఇంట్లో రెండుమూడు ఉంటాయి. ప్రోగ్రాం రాయడానికి థానీ అనే ఉచిత ఎడిటర్ సులువుగా ఉంటుంది.

ఇప్పుడు వైర్లు. ఇక్కడ చాలామంది తడబడేది పిన్ నంబర్ల దగ్గర. పికోలో కాలు నంబరు వేరు, జీపీ నంబరు వేరు. ఉదాహరణకు జీపీ 2 అంటే నాలుగో కాలు, జీపీ 18 అంటే 24వ కాలు. ప్రోగ్రాంలో రాసేది జీపీ నంబరు, బోర్డులో చేత్తో లెక్కపెట్టేది కాలు నంబరు. రెండూ పక్కపక్కన వేసి ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

స్క్రీన్ మీద ఎస్‌సీఎల్, ఎస్‌డీఏ అని రాసి ఉంటుంది. అది చూసి ఐ-స్క్వేర్-సీ అనే ఇంకో పద్ధతిది అనుకోకండి, ఇది ఎస్‌పీఐ స్క్రీనే. ఎస్‌సీఎల్‌ను జీపీ 18కి, ఎస్‌డీఏను జీపీ 19కి, సీఎస్‌ను జీపీ 17కి, డీసీని జీపీ 16కి, రీసెట్‌ను జీపీ 20కి కలపండి. కరెంటు 3వీ3 అని ఉండే 36వ కాలు నుంచి ఇవ్వండి. బీఎల్‌కే అనేది వెనక లైటు పిన్. చాలా మాడ్యూళ్లలో దాన్ని ఖాళీగా వదిలేసినా లైటు వెలుగుతుంది.

బటన్లకు జీపీ 2 నుంచి జీపీ 7 వరకు వాడండి. ప్రతి బటన్‌కు ఒక వైపు జీపీ పిన్, ఇంకో వైపు గ్రౌండ్. వేరే రెసిస్టర్ అక్కర్లేదు, పికో లోపలి పుల్-అప్‌ను (బటన్ వదిలినప్పుడు పిన్‌ను 1 దగ్గర నిలిపే రెసిస్టర్) ప్రోగ్రాంలో ఆన్ చేస్తే సరి. అప్పుడు బటన్ నొక్కితే 0, వదిలితే 1 వస్తుంది. బజర్ 100 ఓమ్‌ల రెసిస్టర్ మీదుగా జీపీ 15కి.

ఒక చదరం స్క్రీన్ మీద కనిపించి, బటన్లు నొక్కితే నాలుగు దిక్కులా కదలాలి. అది కదిలేదాకా బోర్డు గీయడం మొదలుపెట్టొద్దు. వైరింగ్ తప్పా, ప్రోగ్రాం తప్పా, సోల్డరింగ్ తప్పా అని ఒకేసారి మూడు వైపులా వెతకడం కంటే ఇక్కడే ఒకటి తేల్చుకోవడం నయం.

బ్యాటరీ దగ్గర మాత్రం పైలం

బ్యాటరీగా నన్నడిగితే బీఎల్-5సీ మేలంటాను. పాత నోకియా ఫోన్లలో వచ్చేది. 3.7 వోల్టులు, 1020 మిల్లీ ఆంప్ అవర్ అని రాసి ఉంటుంది. ఏ మండల కేంద్రంలోనైనా మొబైల్ షాపులో దొరుకుతుంది, చెడిపోతే మార్చుకోవడమూ తేలిక. లిథియం బ్యాటరీలను కొరియర్‌లో తెప్పించడం ఎప్పుడూ కొంత తంటానే, ఇది ఆ బాధ తప్పిస్తుంది. పేరున్న కంపెనీది కొనండి. ఉబ్బినది ఇంట్లో పడి ఉంటే దాన్ని వాడొద్దు. బ్యాటరీ కొనల మీద నేరుగా సోల్డర్ పెట్టకూడదు. హోల్డర్‌లో పెట్టుకుని, హోల్డర్ తీగలను సోల్డర్ చేయాలి.

టీపీ 4056 మాడ్యూళ్లు రెండు రకాలు వస్తాయి. బీ ప్లస్, బీ మైనస్ అని మాత్రమే ఉండేవి ఒక రకం. వాటితోపాటు ఔట్ ప్లస్, ఔట్ మైనస్ కూడా ఉండేవి ఇంకో రకం. రెండోదే తీసుకోండి. అందులో బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకుండా, షార్ట్ అయితే కట్ అయ్యేలా రక్షణ ఉంటుంది.

ఆ మాడ్యూల్ మామూలుగా 1 ఆంప్‌తో చార్జ్ చేస్తుంది. బీఎల్-5సీకి అది ఎక్కువ. మాడ్యూల్ మీద 122 అని రాసి ఉండే బుల్లి రెసిస్టర్, అంటే 1.2 కిలో ఓమ్‌లది, ఈ కరెంటును నిర్ణయిస్తుంది. దాని స్థానంలో 2 కిలో ఓమ్‌లది పెడితే చార్జింగ్ సుమారు 580 మిల్లీ ఆంప్‌లకు దిగుతుంది. ఆ రెసిస్టర్ గింజంత కూడా ఉండదు. మీ వీధిలో మొబైల్ రిపేర్ చేసే అన్న దగ్గర హాట్ ఎయిర్ మిషన్ ఉంటే ఆయనకు రెండు నిమిషాల పని. చార్జింగ్ చిప్ వేడెక్కడం కూడా తగ్గుతుంది. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెలలో మన దగ్గర రేకుల ఇంట్లో మధ్యాహ్నం ఆ అంకె పెద్ద దూరం కాదు కాబట్టి ఎండాకాలం రాత్రిపూటే చార్జింగ్ పెట్టుకోండి.

ఇక డయోడ్. ఔట్ ప్లస్ నుంచి జరిపే స్విచ్‌కు, స్విచ్ నుంచి 1ఎన్5819 డయోడ్‌కు, డయోడ్ గీత ఉన్న కొన నుంచి పికోలో వీసిస్ అనే 39వ కాలుకు. ఈ డయోడ్ ఎందుకో తెలుసుకోవాలి, ఎందుకంటే అది లేకున్నా కన్సోల్ చక్కగా పనిచేస్తుంది, అందుకే చాలామంది వదిలేస్తారు. ప్రోగ్రాం మార్చడానికి పికోకు యూఎస్‌బీ పెట్టినప్పుడు వీసిస్ మీదికి 5 వోల్టులకు కొంచెం తక్కువ వస్తుంది. స్విచ్ ఆన్‌లో ఉండి డయోడ్ లేకపోతే ఆ కరెంటు చార్జింగ్ చిప్‌ను దాటుకుని వెనక దారిన బ్యాటరీలోకి పోతుంది. 4.2 వోల్టుల దగ్గర ఆపేవాడు అక్కడ ఎవడూ ఉండడు. రూపాయల్లో వచ్చే డయోడ్ ఆ దారిని మూసేస్తుంది. దాని వల్ల 0.3 వోల్టుల దాకా తగ్గినా ఇబ్బంది లేదు. వీసిస్ 1.8 నుంచి 5.5 వోల్టుల దాకా ఏది ఇచ్చినా తీసుకుని లోపల 3.3 చేసుకుంటుంది. పికోను ఎంచుకోవడానికి సగం కారణం అదే.

చార్జింగ్ అవుతుంటే స్విచ్ ఆపేయండి. ఆడుతూ చార్జ్ చేస్తే బ్యాటరీ నిండిందో లేదో టీపీ 4056కు సరిగా తెలియదు.

కీక్యాడ్‌లో బోర్డు గీయడం

కీక్యాడ్ ఉచిత సాఫ్ట్‌వేర్. 1992లో మొదలైంది, తర్వాత యూరప్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రం కూడా దాని అభివృద్ధికి చెయ్యి వేసింది. మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. పని రెండు భాగాలు: మొదట స్కీమాటిక్, అంటే ఏది దేనికి కలవాలో చెప్పే బొమ్మ. తర్వాత పీసీబీ, అంటే ఏది ఎక్కడ కూర్చోవాలో చెప్పే బొమ్మ.

స్కీమాటిక్‌లో తీగలు అడ్డదిడ్డంగా లాగకండి. ప్రతి పిన్‌కూ ఒక పేరు తగిలించండి. ఒకే పేరున్న పిన్లు కలిసినట్టే లెక్క. పికో గుర్తు కొత్త వెర్షన్లలో సిద్ధంగా ఉంటుంది. మీ వెర్షన్‌లో లేకపోతే 20 పిన్ల వరుసలు రెండు పెట్టుకోండి: పిన్నుకూ పిన్నుకూ మధ్య 2.54 మి.మీ., వరుసకూ వరుసకూ మధ్య 17.78 మి.మీ. స్క్రీన్‌కు ఎనిమిది పిన్ల హెడర్, అంటే పిన్ల వరుస, చాలు. పిన్ల వరుస మాత్రం మీ చేతిలో ఉన్న స్క్రీన్ మీద చదివి రాయండి, నెట్‌లో ఫోటో చూసి కాదు. ఒకే పేరుతో అమ్మే రెండు మాడ్యూళ్లలో గ్రౌండ్, వీసీసీ (కరెంటు పిన్) అటూ ఇటూ ఉండొచ్చు. అలాంటప్పుడు బోర్డు మొత్తం పారేయాల్సిందే.

తర్వాత ఈఆర్‌సీ అనే తనిఖీ నడపండి. కరెంటు పిన్‌కు కరెంటు అందడం లేదని ఎర్రగా చూపిస్తే కంగారు పడకండి. కరెంటు కనెక్టర్ మీదుగా వస్తోందని దానికి తెలియదు. పవర్ ఫ్లాగ్ గుర్తు ఒకటి తగిలిస్తే ఊరుకుంటుంది.

పీసీబీ భాగంలో ముందు అంచు గీయండి. చాలా కంపెనీల్లో 100 × 100 మి.మీ. లోపు బోర్డుకే చవక రేటు. స్క్రీన్ మధ్యలో, దిక్కుల బటన్లు ఎడమన, ఆట బటన్లు కుడివైపున పెడితే 6 × 6 బటన్లతో ఆ వెడల్పులో పడుతుంది. పెద్ద 12 × 12 బటన్లు పెడితే 100 దాటుతుంది, రేటూ పెరుగుతుంది. పికోను బోర్డు వెనక వైపు, యూఎస్‌బీ మూతి పై అంచుకు వచ్చేలా పెట్టండి. కేబుల్ పిన్ చుట్టూ ఉండే లావు ప్లాస్టిక్ దూరే చోటు ఉందో లేదో చూసుకోవాలి. చార్జింగ్ మాడ్యూల్ కూడా అంచుకే రావాలి. వెనక వైపు పెట్టిన పికోకు ఎడమ కుడి తారుమారవుతాయి. కీక్యాడ్‌లో ఎఫ్ నొక్కి వెనక పొరలోకి తిప్పితే అదే చూసుకుంటుంది, చేత్తో అద్దంలో బొమ్మలా తిప్పడానికి ప్రయత్నించొద్దు.

ట్యాక్ట్ స్విచ్‌కు నాలుగు కాళ్లుంటాయి. అందులో రెండు రెండు లోపలే కలిసి ఉంటాయి. లోపల కలిసి ఉన్న జతకే జీపీ, గ్రౌండ్ ఇచ్చారంటే ఆ బటన్ ఎప్పుడూ నొక్కి ఉన్నట్టే. మూలకు ఎదురు మూల కాళ్లు వాడితే ఈ గొడవ ఉండదు. స్విచ్‌ను ఏ వైపు తిప్పి పెట్టినా ఎదురెదురు మూలలు కలిసి ఉండవు.

సిగ్నల్ దారులు 0.3 మి.మీ. వెడల్పు, కరెంటు దారులు 1 మి.మీ. వెడల్పు పెట్టండి. కింది పొరంతా గ్రౌండ్ రాగితో నింపేయండి, సగం తీగలు గీసే పని తప్పుతుంది. నాలుగు మూలల్లో 3.2 మి.మీ. రంధ్రాలు వదలండి, డబ్బాకు బిగించే ఎం3 బోల్టులకు. చివర దారుల వెడల్పు, దూరాలు సరిచూసే డీఆర్‌సీ తనిఖీలో ఒక్క తప్పు కూడా మిగలకూడదు.

బోర్డు మీద తెల్ల అక్షరాలు మన ఇష్టం. కీక్యాడ్ 7 నుంచి కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్లు వాడుకోవచ్చు, తెలుగులో రాసుకోవచ్చు. ఏ, బీ బటన్లకు బదులు అ, ఆ అని పెట్టండి. పేరు చోట నల్లగొండ అనో పాలమూరు అనో వేసుకోండి. మరీ చిన్నగా రాస్తే వత్తులు, గుడులు ముద్దయిపోతాయి, 3 మి.మీ. ఎత్తుకు తగ్గకండి. తలకట్లు విడిపోయి కనిపిస్తే ఆ పదాన్ని బొమ్మగా సేవ్ చేసి, కీక్యాడ్‌లోని ఇమేజ్ కన్వర్టర్‌తో తెచ్చుకోండి.

జిరాక్స్ షాపులో రెండు రూపాయల పరీక్ష

బోర్డు బొమ్మను అసలు సైజులో పీడీఎఫ్ చేయండి. దాని మీద సరిగ్గా 50 మి.మీ. పొడవు గీత ఒకటి గీసి ఉంచండి. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని జిరాక్స్ షాపుకు వెళ్లి, ఫిట్ టు పేజ్ తీసేసి వంద శాతంలో ప్రింట్ ఇవ్వమని చెప్పండి. చెప్పకపోతే పేజీకి సరిపోయేలా సాగదీస్తారు. అక్కడే స్కేలు పెట్టి ఆ గీత కొలవండి. 50 రాకపోతే ఇంకో ప్రింట్ తీయించండి. ముందు వైపుది ఒకటి, వెనక వైపుది అద్దంలో కనిపించేలా ఒకటి కావాలి.

ముందు వైపు కాగితాన్ని పాత పెళ్లిపత్రిక అట్టకు అంటించి, అంచు వెంట కత్తిరించండి. ప్రతి రంధ్రం దగ్గర గుండుసూదితో పొడిచి, బటన్లను, స్క్రీన్‌ను, బజర్‌ను నిజంగా గుచ్చండి. కాళ్లు ఇట్టే దిగితే ఫుట్‌ప్రింట్, అంటే ఆ వస్తువు కాళ్ల కోసం గీసిన రంధ్రాల అమరిక, సరైనది. ఒక్క కాలు పక్కకు పోయినా కీక్యాడ్‌లో మార్చాలి. పికోను అట్ట వెనక పెట్టి, యూఎస్‌బీ కేబుల్ తగిలించి చూడండి. బ్యాటరీ హోల్డర్, చార్జింగ్ మాడ్యూల్ పెట్టాక బోల్టు రంధ్రాలకు ఏదైనా అడ్డం వస్తుందేమో గమనించండి.

అప్పుడు దాన్ని రెండు చేతులా పట్టుకుని పది నిమిషాలు ఉత్తుత్తిగానే ఆడండి. బొటనవేలు వంచకుండా దిక్కుల బటన్లన్నీ అందుతున్నాయా? ‘ఆ’ అని రాసిన బటన్ నొక్కుతుంటే వేలి మడమ ‘అ’ బటన్‌కు తగులుతోందా? ఇంట్లో పిల్లల చేతికిచ్చి చూడండి, వాళ్ల చేతులు చిన్నవి. స్క్రీన్ మీద ఎంత బాగా కనిపించిన డిజైన్ అయినా అట్ట చేతిలోకి వచ్చాక ఏదో ఒకటి జరపాల్సి వస్తుంది. జరిపాక మళ్లీ ప్రింట్ తీయించండి. ఈ పనికి బద్ధకించి నేరుగా ఆర్డర్ పెట్టడం నాకు అస్సలు నచ్చని పద్ధతి.

ఆర్డర్

కీక్యాడ్ నుంచి గెర్బర్ ఫైళ్లు (ఫ్యాక్టరీ చదివే బోర్డు బొమ్మలు), డ్రిల్ ఫైల్ (రంధ్రాల జాబితా) తీసి జిప్ చేయండి. పంపేముందు గెర్బర్ వ్యూయర్‌లో తెరిచి అంచు, రంధ్రాలు, తెల్ల అక్షరాలు ఉన్నాయో లేదో చూడండి. రెండు పొరలు, 1.6 మి.మీ. మందం, ఆకుపచ్చ రంగు అని ఎంచుకుంటే చవక.

చైనాలో షెన్‌జెన్‌లోని జేఎల్‌సీపీసీబీ లాంటి కంపెనీలు బోర్డులు చవకగా చేస్తాయి, కానీ కొరియర్ ఖర్చు, కస్టమ్స్ సుంకం, కేవైసీ కాగితాలు తోడవుతాయి. మన దేశంలో గుజరాత్‌లోని పీసీబీ పవర్, బెంగళూరులోని లయన్ సర్క్యూట్స్ లాంటివి ఉన్నాయి. మొత్తం లెక్క వేసుకుని ఎంచుకోండి, బోర్డు రేటు ఒక్కటే చూసి కాదు. ఇద్దరు ముగ్గురు మిత్రులు కలిసి ఒకే ఆర్డర్ పెడితే ఇంకా కలిసొస్తుంది. మామూలుగా కనీసం ఐదు బోర్డులు చేస్తారు.

ఇంట్లో ఫెర్రిక్ క్లోరైడ్‌తో రాగి కరిగించి బోర్డు చేసే పద్ధతీ ఉంది. రెండు పొరలకు అది గోల. పైగా వాడేసిన రాగి ద్రావణం మోరీలో పోయకూడదు. ఫ్లోరైడ్‌తో ఇప్పటికే అవస్థపడిన నేలలోకి ఇంకొకటి వదలడం ఎందుకు?

సోల్డరింగ్

ఎత్తు తక్కువ వాటితో మొదలుపెట్టండి: రెసిస్టర్, డయోడ్, తర్వాత బటన్లు, స్విచ్, బజర్, ఆ తర్వాత పికో, అన్నిటికంటే చివర స్క్రీన్. డయోడ్ గీత ఏ వైపో రెండుసార్లు చూడండి. ఐరన్ కొనను కాలుకూ ప్యాడ్‌కూ (రంధ్రం చుట్టూ ఉండే రాగి) కలిపి తాకించి, రెండు సెకన్లు ఆగి, సోల్డర్ వైరును ఐరన్‌కు కాకుండా ఆ కీలుకు తాకించండి. కరిగి కాలు చుట్టూ మెరుస్తూ పాకితే మంచి సోల్డర్. గుండ్రంగా ఉండలా కూర్చుంటే మళ్లీ వేడి చేయాలి. ఫ్యాన్ గాలి నేరుగా బోర్డు మీద పడితే సోల్డర్ సరిగా పట్టదు. ఫ్యాన్ ఆపి కిటికీ పక్కన కూర్చోండి, పొగ పీల్చకండి. మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది, పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినండి.

పికోను నేరుగా బోర్డుకు సోల్డర్ చేస్తే కన్సోల్ పలచగా ఉంటుంది. మొదటిదానికి మాత్రం ఆడ హెడర్లు (పికో పిన్లు దూరే సాకెట్లు) పెట్టి పికోను ఊడదీసేలా ఉంచమంటాను. మందం పెరిగినా, పికోను తీసి ఇంకోదానికి వాడుకోవచ్చు.

కరెంటు ఇచ్చేముందు మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి వీసిస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య, 3వీ3కీ గ్రౌండ్‌కూ మధ్య చూడండి. ఆగకుండా బీప్ మోగిందంటే ఎక్కడో షార్ట్ ఉంది, ముందుకు పోవద్దు. మోగకపోతే జరిపే స్విచ్ ఆపి ఉంచి, మొదట యూఎస్‌బీతో కరెంటు ఇవ్వండి. అన్నీ పనిచేశాక బ్యాటరీ. బ్యాటరీ కనెక్టర్లలో ఎరుపు ఏ వైపు ఉండాలో అందరు అమ్మేవాళ్లూ ఒకే పద్ధతి పాటించరు, రంగు నమ్మకుండా మీటర్‌తో ప్లస్ ఏదో చూసి తగిలించండి.

స్క్రీన్ సతాయిస్తే

లైటు వెలిగి బొమ్మ రాకపోతే డీసీ, రీసెట్ తీగలు తారుమారయ్యాయేమో చూడండి. బొమ్మ వచ్చి పక్కకో కిందికో జరిగి, మిగతా చోట చెత్త చుక్కలుంటే అది సోల్డరింగ్ తప్పు కాదు. ఎస్‌టీ 7789 లోపలి మెమరీ 240 × 320 చుక్కలకు ఉంటుంది. మన స్క్రీన్ 240 × 240 కాబట్టి, స్క్రీన్‌ను తిప్పినప్పుడు 80 చుక్కల తేడా వస్తుంది. డ్రైవర్‌లో, అంటే స్క్రీన్‌ను నడిపే ప్రోగ్రాంలో, ఆఫ్‌సెట్ 80 అని ఇస్తే సరిపోతుంది. నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా కనిపిస్తే ఇన్వర్షన్ సెట్టింగ్ మార్చాలి. ఎరుపు వేస్తే వేరే రంగు వస్తోందంటే రంగు అంకెలోని రెండు బైట్లు ముందువెనకయ్యాయి. మైక్రోపైథాన్ ఫ్రేమ్ బఫర్‌తో (స్క్రీన్‌కు పంపేముందు బొమ్మను గీసుకునే మెమరీ) ఇది మామూలే, రంగు అంకెను ఇచ్చేటప్పుడే బైట్లు తిప్పి ఇవ్వండి.

ఆట మెల్లగా ఉందనిపిస్తే ఈ లెక్క చూడండి. 240 × 240 చుక్కలకు, చుక్కకు రెండు బైట్ల చొప్పున 1,15,200 బైట్లు. ఎస్‌పీఐ వేగం 31.25 మెగాహెర్ట్జ్ అయితే స్క్రీన్ మొత్తం ఒకసారి పంపడానికి దాదాపు 30 మిల్లీ సెకన్లు, అంటే సెకనుకు 30కి కాస్త పైన బొమ్మలు. వేగం 62.5కి పెంచితే సగం సమయం చాలు. చిన్న తీగలున్న సొంత బోర్డు మీద ఆ వేగం నిలబడే అవకాశం బ్రెడ్‌బోర్డు కంటే ఎక్కువ. బటన్లను ఫ్రేమ్‌కు ఒక్కసారే చదవండి. నొక్కినప్పుడు స్విచ్ లోపల వచ్చే చిన్న అదురు ఆ విరామంలోనే అణిగిపోతుంది.

ఆట

మొదటి ఆటగా పాము ఆట అందరూ రాసేదే. రాయండి, కానీ రెండోది పులి-మేక పెట్టుకోండి. గుడి అరుగుల మీద, బండల మీద గీతలు చెక్కి ఆడుకునే ఆటే. 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. మీ ఊళ్లో మేకల లెక్క వేరైతే అదే పెట్టండి. ఇది వేగం అక్కర్లేని ఆట కాబట్టి మైక్రోపైథాన్‌కు సరిగ్గా సరిపోతుంది. ఇద్దరు ఒకే కన్సోల్‌ను చేతులు మార్చుకుంటూ ఆడొచ్చు.

ప్రోగ్రాంలో 23 చోట్లకు 0 నుంచి 22 దాకా నంబర్లు ఇవ్వండి. ప్రతి చోటుకూ రెండు జాబితాలు రాయాలి: పక్కనే ఉన్న చోట్లు ఏవి, మధ్యలో మేక ఉంటే పులి దూకి చేరే చోట్లు ఏవి. ఈ పట్టిక సరిగా రాస్తే ఆట సగం అయిపోయినట్టే. మిగిలిన నియమాలు నాలుగైదు వరుసల్లో తేలిపోతాయి: మేకలన్నీ దిగేదాకా మేక కదలకూడదు, పులి దూకితే మేక పోతుంది, పులులు మూడూ కదల్లేకపోతే మేకలవాళ్లు గెలిచినట్టు. పట్టికను కాగితం మీద గీసి, వేలు పెట్టి ఒక్కో గీతా సరిచూసుకున్నాకే టైప్ చేయండి. దిక్కుల బటన్లతో ఒక చోటు నుంచి ఇంకో చోటుకు వెళ్లేటప్పుడు, నొక్కిన దిక్కుకు దగ్గరగా ఉన్న పక్క చోటును ఎంచుకునేలా రాస్తే త్రికోణం గీతల మీద కూడా చెయ్యి తిరుగుతుంది.

గెలుపోటముల లెక్కను ఫ్లాష్‌లో ఫైల్‌గా దాచుకోవచ్చు, ఆట ముగిసినప్పుడు మాత్రమే రాయండి. ప్రతి ఎత్తుకూ రాస్తూ పోతే ఫ్లాష్ అరుగుతుంది. బ్యాటరీ మిగులు చూపడానికి వేరే తీగ అక్కర్లేదు. మామూలు పికోలో జీపీ 29 మీద వీసిస్‌లో మూడో వంతు చదవొచ్చు, దాన్ని మూడుతో గుణించి డయోడ్ కోసం 0.3 కలపండి. 3.4 వోల్టులకు దిగితే మూలన ఎర్ర చుక్క చూపించండి.

డబ్బాకు నేమ్‌ప్లేట్లు, మెమెంటోలు చేసే లేజర్ కటింగ్ షాపులో 3 మి.మీ. యాక్రిలిక్ ముక్కలు రెండు కోయించండి. పై ముక్కలో స్క్రీన్‌కు, బటన్లకు రంధ్రాలు, కింది ముక్క నిండుగా. బోర్డు కోసం కీక్యాడ్‌లో గీసిన అంచునే డీఎక్స్ఎఫ్‌గా తీసి ఇస్తే కొలతలు మళ్లీ చెప్పే పని లేదు. త్రీడీ ప్రింట్ డబ్బానే కావాలంటే హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో మొదలైన టీ-వర్క్స్ ఉంది. మిగిలిన నాలుగు బోర్డుల్లో ఒకటి పక్కన పెట్టుకుని, తక్కినవి ఎవరికైనా ఇస్తే బ్యాటరీ మినహా అన్నీ ఒక కవర్లో వేసి ఇవ్వండి, 122 రెసిస్టర్ మార్చాలని, డయోడ్ మానకూడదని పైన రాసి పెట్టండి.